కొత్త బుల్లెట్టుకు పాత రోగాలు

బండి కొన్నారన్నమాట. సంతోషం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. గుండ్రటి ట్యాంకు, దాని మీద చెన్నై ఫ్యాక్టరీలో మనిషి చేత్తో గీసిన సన్నగీత, హెడ్‌లైటుకు అటొకటి ఇటొకటి టైగర్ ల్యాంపులు, ఊచల చక్రాలు. గుడి ముందు ఆపి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చారు. వీధిలో అందరూ చూశారు. 1950 నాటి బండి నిన్ననే షోరూం మెట్లు దిగింది.

దిగింది గాని, సగమే దిగింది. వాళ్లిచ్చిన కవరు విప్పి చూసుకోండి. ఇన్సూరెన్సు ఉంటుంది, సర్వీసు పుస్తకం ఉంటుంది, రెండో తాళంచెవి ఉంటుంది. రిపేర్లు మాత్రం ఉండవు. పాత బుల్లెట్టు నడిపిన బాబాయిని ఎవరినైనా కదిపి చూడండి. శ్రీశైలం ఘాట్‌లో అర్ధరాత్రి క్లచ్ వైరు తెగిన కథ చెబుతాడు. పెళ్లిచూపులకు బయల్దేరబోతూ కిక్కు ఎదురు తన్నితే కుంటుకుంటూ వెళ్లి పిల్లను చూసొచ్చిన కథ చెబుతాడు. బాపట్ల దాటాక వానలో ప్లగ్గు విప్పి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ బిగించి తెల్లారేసరికి ఇల్లు చేరిన కథ చెబుతాడు. "బయల్దేరాను, చేరాను" అని ఒక్కనాడన్నా చెప్పాడా? చెప్పడు. అందులో కథేముంది గనక. మీ దగ్గరున్నది సరిగ్గా అదే: బటను నొక్కడం, బయల్దేరడం, చేరడం, నెలకోసారి ఈఎంఐ. ఇలాగే పదేళ్లు గడిస్తే మీ పిల్లల ముందు కూర్చుని ఏం చెబుతారు?

కంపెనీ రూపం ఇచ్చి రోగాలు దాచుకుంది. వాటిని ఒక్కొక్కటిగా మనమే తెచ్చి బిగించుకోవాలి. కష్టమే, కాని అసాధ్యం కాదు. కింది సలహాలు పాటించిన వాళ్లెవరూ తర్వాత సుఖంగా లేరని హామీ ఇవ్వగలను.

ముందు కిక్కు సంగతి

2021 సెప్టెంబరులో వచ్చిన క్లాసిక్‌కు కిక్ రాడ్ లేదు. అంటే సగం బుల్లెట్టుతనం అక్కడే పోయింది. పాత ఇనుప ఇంజను బండిని లేపడం ఒక తతంగం. తాళం తిప్పగానే హెడ్‌లైటు పక్కనున్న ఆంప్ మీటరులో సూది ఎడమకు వాలుతుంది. కిక్కును తొక్కీ తొక్కనట్టు మెల్లగా దించాలి. ఒకచోట సూది మధ్యకొచ్చి నిలబడుతుంది. పాయింట్లు విడిపోయాయి, పిస్టను కంప్రెషనులో పైకొచ్చింది అని దానర్థం. అప్పుడు ఎడమచేతి వేళ్లతో డీకంప్రెసర్ లీవరు నొక్కి, కిక్కును ఇంకో రవ్వ దించి, లీవరు వదిలేసి, కిక్కును మళ్లీ పైదాకా రానిచ్చి, అప్పుడు ఒక్క తన్ను. లెక్క కుదిరితే బక్కపలచటి మాస్టారు తన్నినా లేస్తుంది. తప్పితే మల్లయోధుణ్ని కూడా తిరిగి తంతుంది.

ఇప్పుడిదంతా బొటనవేలి పనైపోయింది. కంగారుపడకండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాన్లలో వెతికితే ఆంప్ మీటరు దొరక్కపోదు. కొని హ్యాండిలుకు కట్టుకోండి. వైర్లు దేనికీ కలపనక్కర్లేదు. సూది కదలకపోతే మీరు కదలండి. కుడికాలు గాల్లోకి లేపి మెల్లగా దించండి, సూదివంక గుచ్చి చూడండి, తల అడ్డంగా ఊపండి, ఇంకోసారి దించండి, పళ్లు బిగించండి. ఆపైన ఎవరూ చూడకుండా బొటనవేలు. ఎదురుగా టీ కొట్టుంటే మరీ మంచిది. కొట్టు లేనిచోట ఈ శ్రమ పడకండి, వృథా.

అప్పుడప్పుడు అస్సలు లేవకుండా కూడా ఉండాలి కదా. దానికి కొత్త బండిలో సదుపాయం ఉంది. కుడి పిడి దగ్గర ఇంజను ఆపే స్విచ్చి ఒకటుంది. పిల్లలెవరో ఆడుకుంటూ దాన్ని తిప్పిపోతే, ఇంటిల్లిపాదీ కలిసి బండిని మెకానిక్ దాకా తోసుకెళ్లడం కొత్త బళ్లతో తరచూ జరిగేదే. మీరే తిప్పి పెట్టుకోండి. కిందికి వంగి, ఇంజను మీద చెవి పెట్టి, నిట్టూర్చి, "ప్లగ్గులో ఆయిలొచ్చింది" అనండి. మీ ఇంజనులో ఆయిలు ప్లగ్గు దాకా వచ్చే సమస్యే లేదని అక్కడున్న వాళ్లకు తెలియదు. తెలిసినవాడు అక్కడుంటే ఆరోజు స్విచ్చి జోలికి పోకండి.

అదురు తెప్పించుకోవడం

పాత ఇంజను 346 సీసీ, కొత్తది 349. చూడ్డానికి అన్నదమ్ములే. తేడా అంతా లోపల తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్‌లో ఉంది. ఒంటి సిలిండరు బండిలో అంత బరువైన పిస్టను పైకీ కిందికీ దూకుతుంటే పుట్టే అదురును, దానికి ఎదురు తిరిగే ఆ ఇరుసు, అల్లరి మనవడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిన అమ్మమ్మలా, సద్దేస్తుంది. చెన్నైలోనూ, ఇంగ్లండులో లెస్టర్‌షైర్‌లో ఉన్న తమ సాంకేతిక కేంద్రంలోనూ ఇంజనీర్లు కూర్చుని మరీ చేసిన అన్యాయమిది.

అదురు ఎన్ని విధాల ఉపయోగపడేదో వాళ్లకేం తెలుసు. అద్దంలో వెనకొచ్చే ఒక్క లారీ నాలుగు లారీలుగా కనపడేది, మనిషి జాగ్రత్తగా పోయేవాడు. నట్లు వదులై దారిలో రాలిపోయేవి, ప్రతి ఆదివారం స్పానర్లతో కూర్చునే పని ఉండేది. విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకోలేకపోయేవాడు, ఇంట్లోవాళ్లు చేతికందించేవారు. ఇప్పుడో? 4,000 ఆర్పీఎం దగ్గర 27 న్యూటన్ మీటర్ల టార్కు, మెత్తగా. అద్దంలో లారీ ఒక్కటే. చేతులు మామూలుగానే ఉంటాయి, ఎవరి కాఫీ వాళ్లే తెచ్చుకోవాలి.

బ్యాలెన్సరు పీకించాలంటే ఇంజను విప్పాలి, అంత దూరం వద్దు. అద్దాల నట్లు అరచుట్టు వదులు చేయండి. నంబరు ప్లేటుకున్న స్క్రూల్లో ఒకటి తీసి జేబులో వేసుకోండి. మడ్‌గార్డు దగ్గర వాషరు ఒకటి తప్పించండి. నాలుగు గతుకుల్లో బండి మాట్లాడటం మొదలుపెడుతుంది. బ్రేకుల దగ్గరా, ఇరుసుల దగ్గరా నట్ల జోలికి మాత్రం పోవద్దు. కథ చెప్పడానికి మీరు మిగలాలి.

గేర్ల విషయంలో నేను కూడా చేతులెత్తేస్తున్నాను. పాత బండికి గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద. మొదటి గేరు పైకి, మిగతా మూడు కిందికి. గేరు పక్కనే మడమతో నొక్కే చిన్న లీవరొకటి, నేరుగా న్యూట్రల్‌లో పడటానికి. ఇప్పుడన్నీ అందరి బళ్లలాగే. కొందరు పెద్దలు ఈనాటికీ కొత్త బండెక్కితే గేరు మార్చబోయి బ్రేకు తొక్కుతారు. మీకు ఆ అలవాటు లేకపోవచ్చు. నటించండి. వెనక బస్సు లేనప్పుడు నటించండి.

చప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైన లోటు ఇదేనని బజారంతా ఒప్పుకుంటుంది. మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి పాట ఊరూరి బరాత్‌లకు ఎక్కాక, ఆ శబ్దం బండిలోంచి రాకపోతే సగం మందికి బండే కనపడటం లేదు. పాత ఇంజను నిదానంగా తిరిగేది. ఫ్లైవీలు బరువు, స్ట్రోకు పొడుగు, అందుకే ఒక్కో పేలుడు విడివిడిగా లెక్కపెట్టుకోవడానికి వీలుగా వినపడేది. శబ్దం పెద్దదవడం కాదు దాని గొప్ప, మధ్యలో వచ్చే ఖాళీ. ఈ సంగతి సైలెన్సర్లమ్మే కొట్లో చెప్పి చూడండి, మిమ్మల్ని వింతగా చూస్తారు. వాళ్ల దగ్గర ఉన్నది పెద్ద శబ్దం. ఖాళీ స్టాకులో లేదు.

సరే, అదే కొనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మీ 349 సీసీ బండి ఆ గీతకు ఒక్క సీసీ ఇవతల నిలబడి గట్టెక్కింది. అలా మిగిలిన డబ్బు ఇంకెందుకు మరి. కంపెనీ సైలెన్సరు విప్పి పడేస్తే దాంతోపాటే పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరు కూడా పోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 నిబంధనల కోసం అంత ఖరీదు పెట్టి అమర్చినది అదే. పొగ పోయే దారి మారగానే ఆక్సిజన్ సెన్సరు అయోమయంలో పడుతుంది, పెట్రోలూ గాలీ పాళ్లు తప్పుతాయి, యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా వెనక టపాకాయలు పేలతాయి. మీటరులో ఇంజను బొమ్మతో పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. దాన్ని చూసి భయపడకండి. పాత బండికి అలాంటి దీపమే లేదు, కాబట్టి లేదనుకోండి. మసిబట్టిన వేలితో ఓ చుక్క రాస్తే కనపడదు. వారంటీ కాగితం మడిచి సైడు స్టాండు కింద పెట్టుకోవచ్చు, మెత్తటి నేలలో దిగకుండా ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం 190(2) గురించి ఎవరైనా చెప్పబోతే చెవిన పెట్టొద్దు. ఎలాగూ వినపడదు. పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, ఆపైన మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అంటుంది ఆ సెక్షను. మూడు నెలలు బండి నడపకపోతే తుడుచుకోవడానికి తీరిక దొరుకుతుంది. విశాఖలో, ఇంకా కొన్ని నగరాల్లో పోలీసులు ఇలా పట్టుకున్న సైలెన్సర్లన్నిటినీ రోడ్డు మీద వరసగా పేర్చి రోలరు ఎక్కించారు. ఆ దృశ్యం కూడా కథే. మీ సైలెన్సరు ఎన్నో వరసలో ఉందో గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎక్కడ మోగించాలో కూడా తెలుసుకోవాలి. ఖాళీ హైవే మీద మోగిస్తే ఎవరు వింటారు. పసిపిల్లలున్న ఇంటి సందులో, పరీక్షలకు చదివే హాస్టలు గోడ పక్కన, ప్రసూతి ఆసుపత్రి ముందు, రాత్రి పదకొండు దాటాక. అప్పుడైతే ప్రతి ఇంట్లోనూ మీ గురించి మాట్లాడుకుంటారు. మీ అమ్మగారి గురించి కూడా.

ఆయిలు మరక

పాత బుల్లెట్టు ఎక్కడ నిలబడితే అక్కడ ఆయిలు బొట్టు సంతకం పెట్టిపోయేది. కారడం ఆగిందంటే ఇంజను బాగైందని కాదు, లోపల ఆయిలు అయిపోయిందని. ఇది బుల్లెట్టువాళ్ల పాత జోకే గాని, ఆయిలు పుల్ల తీసి చూసుకున్న వాళ్లకు నవ్వొచ్చేది కాదు. కొత్త ఇంజను కింద తెల్ల పంచె పరిచినా మచ్చ పడదు. కొత్త ఇంట్లో గ్రానైటు పరిచిన పార్కింగు అలా బోసిగా ఉండిపోవలసిందేనా? రోజూ పడుకోబోయే ముందు చెంచాడు ఇంజనాయిలు బండి కింద ఒంపండి. సెమీ సింథటిక్ అక్కర్లేదు, వాడేసినదైతే రంగు బాగా పడుతుంది. ఇంట్లోవాళ్లు అడిగితే "గాస్కెట్ పోయినట్టుంది" అనండి. ఆ మాటకు ఉన్న గౌరవం వేరు.

మన మీద బెంగ ఎందుకు, కంపెనీలున్నాయిగా

ఇదంతా వేషమని, బూటకమని నొచ్చుకునే సున్నిత మనస్కులుంటారు. వారికి ఒక్కమాట. పాత బండి పాతగా ఉండటానికి ఎవరూ కష్టపడలేదు. 1956లో మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఇంగ్లీషు బుల్లెట్టు తయారీ మొదలైంది, సైన్యానికి కావాలని. ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. ఇక్కడ మాత్రం అదే బండి, దాదాపు అదే ఇంజను, వచ్చిన అచ్చుల్లోనే పోస్తూ పోయారు. కారణం ప్రేమ కాదు. మార్చడానికి డబ్బూ అవసరమూ రెండూ లేవు. 1977కల్లా ఆ బండినే తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి చేశారు. అక్కడివాళ్లు దాన్ని చూసి పాతకాలం అందమన్నారు. ఇక్కడ పాలవాళ్లూ పోలీసులూ మోతుబరులూ దాన్ని బండి అన్నారు, అంతే.

ఇప్పుడు పాతదనం కోసం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటున్నారు. 2018లో తిరిగొచ్చిన జావా చూడండి. 293 సీసీ ఇంజను, ముందు రేడియేటరు, నీళ్లతో చల్లబడే ఏర్పాటు. అయినా సిలిండరు చుట్టూ గాలికి చల్లబడే ఇంజన్లకుండే రెక్కలు పెట్టారు. మైసూరు జావా ఎరిగున్నవాడు మోకాళ్ల మధ్య ఆ రెక్కలు కనపడకపోతే ఊరుకోడు మరి. ట్రయంఫ్ వాళ్లు బోనవిల్‌కు ఫ్యూయెల్ ఇంజెక్షన్ పెట్టి, ఆ పెట్టినదాన్ని అచ్చం వెనకటి ఆమల్ కార్బొరేటరులా కనపడేట్టు పోతపోశారు. లేని కార్బొరేటరు బొమ్మను కంపెనీయే అమ్మగా లేనిది, కదలని ఆంప్ మీటరు మీరు పెట్టుకుంటే తప్పేంటి?

నంబరు ప్లేటు, టీ కొట్టు పరీక్ష

బండి వయసు దాచలేని చోటు ఒకటే, నంబరు ప్లేటు. 1989కి ముందు మన బళ్లకు ఏ-తో మొదలయ్యే మూడక్షరాలుండేవి, జిల్లా అంకె ఉండేది కాదు, నల్లపలక మీద తెల్లరాత. మీకేమో ఏపీ 39 అనో, 2024 మార్చి తర్వాతదైతే టీజీ అనో, అశోకచక్రం హోలోగ్రాముతో సహా అచ్చయి వస్తుంది. దాన్ని పీకి నల్లపలక రాయించుకోండి. ఈ రోజుల్లో నల్లపలక, పసుపురాత అద్దెకిచ్చే బళ్లకు. మీ తెల్లరాత ఎవరిదో తేల్చుకోలేక ప్రతి కూడలిలోనూ ఆపుతారు. ఆగడమే కదా మనకు కావలసింది. పాత బండి తనంతట తను ఆగేది, కొత్తదాన్ని ఎవరో ఒకరు ఆపాలి.

పోలీసుల కన్నా కష్టం టీ కొట్టు దగ్గర పెద్దాయన. గ్లాసు పక్కన పెట్టి, చుట్టూ ఓ తిరుగు తిరిగి, "ఏ మోడలయ్యా ఇది?" అంటాడు. ఇరవై ఐదు అనొద్దు. "మా మావయ్యది బాబాయ్, మిలిటరీ వేలంలో పాడుకున్నాడు" అనండి. ఆయన వంగి ముందు చక్రం చూసి, "మిలిటరీవాళ్లు డిస్కు బ్రేకుకు ఏబీఎస్ కూడా పెట్టిచ్చారా నాయనా?" అన్నాడంటే టీ డబ్బులు మీరే ఇచ్చి కదలండి. వాదన పెట్టుకోవద్దు, ఆయన ఇంట్లో ఒరిజినల్ ఉంటుంది.

మెకానిక్

కంపెనీ సర్వీసు సెంటరుకు పోతే కంప్యూటరు తగిలించి, ఆయిలు మార్చి, కడిగి పంపేస్తారు. మీరు ఏసీ గదిలో కూర్చుని టీవీ చూడాలి. అవమానం. ఊళ్లో పాత బుల్లెట్టు మెకానిక్ ఇంకా ఉన్నాడేమో కనుక్కోండి. స్క్రూడ్రైవరు పిడి చెవికీ, మొన ఇంజనుకూ ఆనించి, కళ్లు మూసుకుని లోపలేం జరుగుతోందో చెప్పే మనిషి. బండి ఆయన ముందు ఆపి, "భాయ్, టైమింగ్ కొంచెం చూడవా" అనండి. ఆయన చూస్తాడు. పాయింట్లు లేవు. కార్బొరేటరు లేదు. తిప్పడానికి గాలి స్క్రూ లేదు. "దీనికి నేనేం చెయ్యాలి సార్?" అంటాడు. నిజానికి ఈ బళ్లు పోగొట్టినవాటిలో తిరిగి బిగించుకోలేనిది ఆ మనిషి చేతి పనే. ఏ ఆటోనగర్‌లోనూ దొరకదు. చెయిన్ బిగించమనండి, డబ్బు ఎక్కువే ఇవ్వండి. ఎన్ని చుట్లు బిగించాలో మీరు చెప్పకండి.

ఇక లదాఖ్ యాత్రకని బండికి తగిలించుకునే సామాను గురించి రెండు ముక్కలు. హ్యాండిలుకు బౌద్ధ జెండాల తోరణం తప్పనిసరి, మీ బండి వికారాబాదు దాటకపోయినా సరే. పక్కన ఇనుప చట్రాల్లో పెట్రోలు డబ్బాలు రెండు. మీ ట్యాంకులో 13 లీటర్లు పడుతుంది, నాలుగొందల కిలోమీటర్లు సునాయాసంగా పోతుంది, దారిలో బంకులు లెక్కలేనన్ని ఉంటాయి, అయినా డబ్బాలుండాలి. ఖాళీవే. ఇప్పటికే 195 కిలోలున్న బండిని అపార్టుమెంటు పార్కింగులో వెనక్కి లాగేటప్పుడు అవి రెండు పక్కలా కార్లకు గీసుకుంటాయి. పొరుగువాళ్లతో పరిచయాలు అలాగే పెరుగుతాయి.

చివరగా, రాబోయేదాని గురించి. రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్ కట్టి విమానం నుంచి దించేందుకు రాయల్ ఎన్‌ఫీల్డ్ 125 సీసీ బుల్లి బండొకటి చేసింది, ఫ్లయింగ్ ఫ్లీ. 2024 నవంబరులో మిలాన్ ప్రదర్శనలో అదే పేరుతో, అలాంటి ముందు ఫోర్కుతో కొత్తది చూపించారు. అది ఎలక్ట్రిక్. కిక్కు లేదు సరే, సైలెన్సరు లేదు, ఇంజనే లేదు, కారడానికి ఆయిలు బొట్టు లేదు. ఇది చదివి గుండె జారిపోయినవాళ్లు ఉంటారని తెలుసు. ధైర్యంగా ఉండండి. నేను పైన చెప్పిన సలహాలేవీ అక్కర్లేకుండా కథ పుట్టించగల మొదటి కొత్త బండి అదే అవుతుంది. బ్యాటరీ ఎంతుందో చూసుకోకుండా సాయంత్రం పూట మారేడుమిల్లి ఘాటు ఎక్కండి, చాలు. పైగా బండి తేలిక, తోసుకు రావడం సులువు.